“స్టాండ్ అప్ టు” అంటే గౌరవంగా లేచి నిలబడటం కాదా? ఇంటర్వ్యూలో పరువు పోయింది

గంటస్తంభం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. డిగ్రీ అయ్యి రెండేళ్ళయింది, ఉద్యోగాల వేటలో ఉన్నాను. మొన్న విశాఖలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. రిజల్ట్ ఇంకా రాలేదు కాబట్టి కంపెనీ పేరు చెప్పను. లోపల ఒక మేడమ్, పక్కన ఒక సారు. మేడమ్ చాలా నెమ్మదిగా “నీ స్కూలు రోజుల గురించి చెప్పు” అని ఇంగ్లీషులో అడిగారు. ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు, జవాబు బట్టీ పట్టుకునే వెళ్ళాను. మాది గవర్నమెంటు స్కూలు, మాస్టార్లంటే భయం, భక్తి, వాళ్ళు క్లాసులోకి వస్తే అందరం లేచి నిలబడేవాళ్ళం. ఇదే కదా చెప్పాలి. చెప్పాను:

“ఐ ఆల్వేస్ స్టుడ్ అప్ టు మై టీచర్స్.”

మేడమ్ కాగితాల్లోంచి తలెత్తి “ఆల్వేస్?” అన్నారు.

“ఎస్ మేడమ్. ఎవ్రీ డే.”

“ఈవెన్ ది హెడ్మాస్టర్?”

“స్పెషల్లీ ది హెడ్మాస్టర్, మేడమ్.”

పక్కన సారు నీళ్ళు తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టేశాడు. మేడమ్ నవ్వాపుకుంటూ “ఎందుకలా?” అని అడిగితే నేను ఇంకా ఉత్సాహంగా “మా నాన్న అలాగే నేర్పారు మేడమ్” అన్నాను. అప్పుడిక ఇద్దరూ నవ్వేశారు. నా జవాబు నచ్చి నవ్వుతున్నారేమో అని నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను, అదీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉన్న సంగతి.

తిరుగు రైల్లో కొత్తవలస దాటాక అనుమానం వచ్చి ఫోన్లో డిక్షనరీ తీశాను. “ధైర్యంగా ఎదిరించుట” అని ఉంది. అంటే నేను రోజూ మాస్టార్లని ఎదిరించేవాణ్ణి, హెడ్మాస్టర్‌ని మరీ ఎక్కువగా, పైగా అది మా నాన్న నేర్పిన విద్య. విజయనగరం స్టేషన్ వచ్చేదాకా తలెత్తలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. స్టాండ్ అంటే నిలబడటం, అప్ అంటే పైకి, టు అంటే “కి”. మూడూ కలిపితే “మాస్టారికి లేచి నిలబడ్డాను” అనే కదా రావాలి? మధ్యలో ఎదిరించడం ఎక్కడ్నుంచి వచ్చింది? ఆపోజ్ అనే మాట ఉండగా ఇదెందుకు? స్టాండ్ అప్ ఫర్, గో అగెనెస్ట్ అని ఇంకా ఏవేవో కనపడ్డాయి, అన్నీ ఒకటేనా? ఎవరైనా విడమరిచి చెప్పండి. రూల్స్ పేర్లు చెప్పినా నాకు ఎక్కవు, ఉదాహరణలు ఇవ్వండి.

ఏడురోడ్ల_జంక్షన్:

తమ్ముడూ, “స్పెషల్లీ ది హెడ్మాస్టర్” దగ్గర ఆగిపోయాను. ఆఫీసులో ఉన్నాను, గట్టిగా నవ్వడానికి కూడా లేదు. నీకు ఉద్యోగం వస్తుంది చూడు, అంత నిజాయితీగా చెప్పినవాణ్ణి ఎవరు వదులుకుంటారు.

ప్రశ్నకి జవాబు నాకు తెలీదు. పెద్దలెవరైనా వస్తారని కూర్చున్నాను.

బొబ్బిలి_మాస్టారు:

బాబూ, ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నువ్వు చేసిన తప్పు తెలివితక్కువ తప్పు కాదు. తెలుగులో ఆలోచించి, మాటకి మాట సరిగ్గానే పెట్టావు. “మాస్టారికి లేచి నిలబడ్డాను” అన్నదాంట్లో “కి” ఉంది కాబట్టి “టు” వేశావు. చిక్కంతా ఆ “కి” దగ్గరే.

మన తెలుగులోనే చూడు. “మాస్టారికి లేచి నిలబడ్డాను” అంటే గౌరవం. “మాస్టారికి ఎదురు నిలబడ్డాను” అంటే తిరుగుబాటు. రెండింట్లోనూ “కి” ఉంది, రెండింట్లోనూ నిలబడటం ఉంది. తేడా తెచ్చింది “ఎదురు” అన్న ఒక్క మాట. ఇంగ్లీషువాడు ఆ “ఎదురు”ని విడిగా చెప్పడు, “అప్ టు” అన్న జంటలో దాచేస్తాడు. స్టాండ్ అప్ టు అని వినగానే “లేచి నిలబడు” అని కాకుండా “ఎదురు నిలబడు” అని అనువదించుకో, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

బొమ్మ కట్టుకుంటే ఇంకా బాగా గుర్తుంటుంది. ఒకడు కుర్చీలో కూర్చున్నాడు, వాడికంటే బలమైనవాడు మీదికొచ్చి గదమాయిస్తున్నాడు. కూర్చున్నవాడు తలొంచుకోవచ్చు, పక్కకి తప్పుకోవచ్చు. ఆ రెండూ చెయ్యకుండా లేచి, తన పూర్తి ఎత్తున అవతలివాడి ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డాడు. అదీ స్టాండ్ అప్ టు. కొట్టాడా, తిట్టాడా, గెలిచాడా అన్నది ఈ మాట చెప్పదు. తగ్గలేదు అని మాత్రమే చెబుతుంది.

ఇందులో ఇంకో కిటుకుంది, చాలామంది చూడరు. అవతలివాడు మనకంటే పై చెయ్యి ఉన్నవాడై ఉండాలి. రౌడీ, పై ఆఫీసరు, వడ్డీ వ్యాపారి, గయ్యాళి అత్తగారు. “నేను మా మూడేళ్ళ మనవడికి స్టుడ్ అప్ టు” అంటే జనం నవ్వుతారు, లేదా ఆ మనవడు మహా గడుగ్గాయి అనుకుంటారు. ఆపోజ్‌కి ఈ పట్టింపు లేదు. సమానుణ్ణి ఆపోజ్ చెయ్యొచ్చు, చిన్నవాణ్ణి చెయ్యొచ్చు, ముఖం కూడా చూడకుండా ఇంట్లో కూర్చుని కాగితం మీద ఆపోజ్ చెయ్యొచ్చు.

మా ఊరి కథే చెబుతాను, అలవాటు పోదు కదా. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజావారి సేన కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. బొబ్బిలివాళ్ళు లొంగలేదు, కోట పడిపోయింది. కోట పడింది కదా అని “దే స్టుడ్ అప్ టు బుస్సీ” అనకూడదా? నిక్షేపంలా అనొచ్చు. గెలుపోటములతో దీనికి పనిలేదన్నాను కదా. అదే “హోల్డ్ అవుట్ అగెనెస్ట్” అంటే కొంతకాలం లొంగకుండా నెట్టుకురావడం, ఇన్ని గంటలనో ఇన్ని రోజులనో లెక్క వెనకాల ఉంటుంది. “సీ ఆఫ్” అంటే శత్రువుని తరిమేయడం. పాపం, ఆ మాట మాత్రం బొబ్బిలివాళ్ళకి వాడలేం.

ఫర్ సంగతి. “టు” తర్వాత ఎవరొస్తారో వాళ్ళు మనకి ఎదురున్నవాళ్ళు. “ఫర్” తర్వాత ఎవరొస్తారో వాళ్ళు మన వెనకున్నవాళ్ళు, మనం ఎవరి తరఫున నిలబడ్డామో వాళ్ళు. ఒకే మనిషి మీద రెండూ చూపిస్తాను. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకి స్టుడ్ అప్ ఫర్, గ్రాంథికం తప్ప వేరే తెలుగే లేదన్న పండితులకి స్టుడ్ అప్ టు. ఈ రెండు చిన్న మాటల్నీ తారుమారు చేస్తే చరిత్ర తలకిందులైపోతుంది. సవర గిరిజనుల కోసం ఆయన చేసిన పనికి కూడా ఫర్ పడుతుంది.

ఇంకో తమాషా చెప్పనా. నువ్వు ఇంటర్వ్యూలో “స్టుడ్ అప్ ఫర్ మై టీచర్స్” అని ఉంటే గట్టెక్కేవాడివి. జాతీయ గీతం వస్తే లేచి నిలబడటానికి కూడా ఇంగ్లీషులో ఫర్ వేస్తారు. గౌరవంగా లేచావన్నా అనుకునేవారు, మాస్టార్ల పక్షాన నిలిచావన్నా అనుకునేవారు. రెండూ మంచివే. ఒక్క అక్షరం దగ్గర బోల్తా పడ్డావు. అసలు శుభ్రంగా చెప్పాలంటే “వెన్ అవర్ టీచర్ కేమ్ ఇన్, వియ్ స్టుడ్ అప్” అంటే చాలు, టూ వద్దు ఫరూ వద్దు.

గంటస్తంభం_కుర్రాడు:

మాస్టారూ, దండాలు. “ఎదురు నిలబడు” అనుకోమన్నారు చూడండి, అది చాలు నాకు, జన్మలో మర్చిపోను. ఒక్క సందేహం. నిన్న పేపర్లో “హి స్టుడ్ అప్ టు స్పీక్” అని చూశాను. మాట్లాడటాన్ని ఎదిరించాడనా?

బొబ్బిలి_మాస్టారు:

మంచి ప్రశ్న. అక్కడ టు వేరు. “మాట్లాడటానికి లేచాడు” అని. టు తర్వాత పని వస్తే అది “డానికి”. టు తర్వాత మనిషో వస్తువో వస్తే “ఎదురు”. “హి స్టుడ్ అప్ టు స్పీక్” అంటే మాట్లాడటానికి లేచాడు. “హి స్టుడ్ అప్ టు ది స్పీకర్” అంటే ఆ మాట్లాడేవాడికి అడ్డంగా నిలబడ్డాడు. సభలో రెండూ జరుగుతుంటాయి, ఒకే మనిషి ఒకదాని తర్వాత ఒకటి కూడా చేస్తాడు.

నోటితో పలికేటప్పుడు కూడా గుర్తుంచుకో, బరువు “అప్” మీద పడాలి, “టు”ని మింగేసినట్టు తేలిగ్గా అనాలి. మనవాళ్ళు అన్నింటినీ ఒకే బరువుతో పలుకుతారు, అందుకే అవతలివాళ్ళకి మాట విరిగినట్టు వినిపిస్తుంది.

ఉద్దానం_జీడితోట:

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ ఈ మాట మాత్రం బాగా తెలుసు. తెలిసింది డిక్షనరీలో కాదు, తుఫాను వల్ల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా పెంకుటింట్లో పదకొండు మందిమి మంచాల కింద దూరాం. తెల్లారి లేచి చూస్తే తోటలో కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకి తల పెట్టుకుని పడుకున్నాయి, ఎవరో వరసగా పడుకోబెట్టినట్టు. జీడిచెట్లయితే వేళ్ళతో సహా లేచిపోయి, వేళ్ళకి ఎర్రమట్టి ముద్దలు అలాగే అంటుకుని ఉన్నాయి. మా తాత పెట్టిన చెట్లు అవి. నాన్న చెట్టు చెట్టుకీ వెళ్ళి చెయ్యి వేసి చూసి వచ్చారు, ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నష్టం చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకాయన వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. కూలిపోకుండా ఉన్న మా పక్కింటి డాబా చూపించి “దిస్ హౌస్ స్టుడ్ అప్ టు ది సైక్లోన్” అన్నాడు. ఇల్లు తుఫానుని ఎదిరించిందా అని నవ్వొచ్చింది నాకు. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది, అది చెప్పింది, “మావయ్యా, ఆగింది అని” అంది. మేం అంటాం కదా, ఈ ఇల్లు గాలికి ఆగింది, ఆ చెట్టు ఆగలేదు అని. అదే ఇది.

కాబట్టి తమ్ముడూ, మనుషులకే కాదు, వస్తువులకి కూడా వాడతారు. ఈ చెప్పులు రాళ్ళదారికి ఆగవు. ఈ రంగు ఉప్పుగాలికి ఆగదు. ఈ టార్పాలిన్ రెండు ఎండలకి కూడా ఆగలేదు. వీటన్నిటికీ స్టాండ్ అప్ టు సరిపోతుందని మేనకోడలు చెప్పింది. తప్పయితే మాస్టారు దిద్దాలి.

బొబ్బిలి_మాస్టారు:

దిద్దడానికేమీ లేదు బాబూ, “ఆగింది” కంటే మంచి మాట నాకూ తట్టలేదు. పుస్తకాల్లో “తట్టుకొను” అని రాస్తారు, “ఆగింది” దగ్గరున్న ప్రాణం దానికి లేదు.

దీనికి ఒక చిన్న తోక. మనిషి ప్రశ్నలకి కథ ఆగకపోయినా ఇదే మాట. పోలీసు నాలుగు ప్రశ్నలు వేశాక కట్టుకథ ఆగదు. కోర్టు సంగతయితే మన మాటా వాళ్ళ మాటా అచ్చుగుద్దినట్టు ఒకటే. “ఈ సాక్ష్యం కోర్టులో నిలబడదు” అని మనం అంటాం, వాళ్ళు “ఇట్ వోన్ట్ స్టాండ్ అప్ ఇన్ కోర్ట్” అంటారు. అక్కడ టు లేదు, చూసుకో.

చీపురుపల్లి_చిన్నోడు:

ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. ఇవన్నీ పిచ్చి తంటాలు. టు అంటే ఒకటి, ఫర్ అంటే ఒకటి, టు లేకపోతే ఇంకొకటి. ఆపోజ్ అని ఒక్క మాట నేర్చుకుంటే గొడవే లేదు కదా? ఏ పరీక్షలోనూ ఆపోజ్ రాస్తే మార్కు కొయ్యరు. ఇంగ్లీషువాడికి పని లేక ఇలాంటివి పుట్టించాడు, మనం కూర్చుని బట్టీ పడుతున్నాం.

ఇంటినుంచే_డ్యూటీ:

చిన్నోడు గారూ, మీరన్న ఆపోజ్‌లోనే మనవాళ్ళు పదిలో ఆరుగురు పడతారు (ఇది నా ఆఫీసు గ్రూపు చూసి అంటున్న మాట, సర్వే కాదు). “ఐ ఆపోజ్ టు దిస్,” “ఐ ఆపోజ్డ్ అగెనెస్ట్ హిమ్” అని రాస్తారు. రెండూ తప్పే. ఆపోజ్ వెనకాల ఏమీ పెట్టకూడదు, “ఐ ఆపోజ్ దిస్” అంతే. తెలుగులో “దీనికి వ్యతిరేకం” అంటాం కాబట్టి చెయ్యి ఊరుకోదు, “కి” కోసం ఒక టు అతికిస్తుంది. “ఐ యామ్ ఆపోజ్డ్ టు దిస్” అంటే మాత్రం టు ఉండాలి, ఎందుకంటే అది పని కాదు, నా అభిప్రాయం. కాబట్టి ఆపోజ్‌తో గొడవ లేదనుకోవడం మీ అమాయకత్వం.

నా గోడు చెబుతాను వినండి. నేను విజయనగరంలో ఇంట్లో కూర్చునే ఒక విదేశీ క్లయింటుకి పని చేస్తాను. ఆఫీసుల్లో ఎవరూ స్టాండ్ అప్ టు అనరు, అది మరీ సినిమా ఫైటులా వినపడుతుంది. “పుష్ బ్యాక్” అంటారు. అంటే మెత్తగా, మర్యాదగా, కారణం చెప్పి కాదనడం. ఒకసారి వాళ్ళు పది రోజుల పని నాలుగు రోజుల్లో కావాలన్నారు. నేను గట్టిగా కుదరదని మీటింగులో చెప్పాను. సాయంత్రం మా మేనేజరుకి మెయిల్లో గొప్పగా “ఐ పుష్డ్ బ్యాక్ ది డెడ్‌లైన్” అని రాశాను. నా ఉద్దేశం, డెడ్‌లైన్ మీద అభ్యంతరం చెప్పాను అని. ఆయన దాన్ని, డెడ్‌లైన్ వెనక్కి జరిపించేశాను అని చదువుకున్నాడు. టీమ్ మొత్తానికి “గుడ్ న్యూస్” అని మెయిల్ కొట్టాడు, మావాళ్ళు ఇద్దరు సెలవు పెట్టి పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి కూడా ప్లాన్ వేసుకున్నారు. పండగ ముందు రోజు క్లయింటు ఫోన్ చేసి “పని ఎక్కడిదాకా వచ్చింది” అన్నాడు.

తేడా అంతా “ఆన్” దగ్గర ఉందట. “పుష్డ్ బ్యాక్ ఆన్ ది డెడ్‌లైన్” అంటే అభ్యంతరం చెప్పడం. ఆన్ లేకపోతే తేదీని వెనక్కి జరపడం, అంటే వాయిదా. రెండక్షరాలకి ఇద్దరు పైడితల్లమ్మ పండక్కి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఒకడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

ఇంకొకటి కూడా జాగ్రత్త, అసలు ప్రశ్న వేసిన తమ్ముడికి. స్టాండ్ అప్ మధ్యలో మనిషిని పెడితే కథ మారిపోతుంది. “హి స్టుడ్ మీ అప్” అంటే వస్తానని చెప్పి రాలేదు, నన్ను ఎదురు చూసేలా చేశాడు అని. మన భాషలో చెప్పాలంటే రెండు గంటలు ఆర్టీసీ కాంప్లెక్సులో నన్ను నిలబెట్టేశాడు. పెళ్ళిచూపుల సంగతులు చెప్పేటప్పుడు ఇది తప్పుగా వాడారంటే ఇక అంతే.

పొందూరు_అమ్మాయి:

చీపురుపల్లి తమ్ముడు అన్నమాట మీద నాకు ఒకటి తోచింది. ఇంగ్లీషువాడికి పని లేక ఇవి పుట్టించాడు అన్నావు కదా, మరి మన “ఎదురు” సంగతేంటి?

ఎదురు చూడటం అంటే మనిషి కోసం కాచుకుని ఉండటం. అక్కడ ప్రేమ ఉంది. ఎదురు వెళ్ళడం అంటే చుట్టం వస్తుంటే వీధి చివరిదాకా వెళ్ళి చేతిలో సంచి అందుకోవడం, అక్కడా ప్రేమే. ఎదురు చెప్పడం అంటే మాత్రం చెంప పగులుతుంది. ఎదురు తిరగడం అంటే అప్పటిదాకా మనవాడిగా ఉన్నవాడు మన మీదికే రావడం. ఎదురుపడటం అంటే ఉత్తినే దారిలో కనపడటం. ఇక “మాకు ఎదురే లేదు” అని ఎన్నికల్లో అరుస్తారు. చూడు, చెప్పు, తిరుగు, పడు, అన్నీ చిన్నప్పుడే వచ్చిన మాటలు, ముందు “ఎదురు” చేరేసరికి ఒక్కోటీ ఒక్కో దారి పట్టింది. మనకి ఎవరైనా లిస్టు ఇచ్చి బట్టీ పట్టించారా? మా అమ్మమ్మ రోజుకి పదిసార్లు “ఏటే, ఎదురు సెప్తన్నావు” అనేది, అలా వచ్చింది.

ఒక పరాయి మనిషి తెలుగు నేర్చుకుంటూ “మా అత్తగారికి ఎదురు చెప్పాను” అన్నాడనుకో, అత్తగారు వస్తున్నారని ఎదురెళ్ళి స్వాగతం చెప్పాను అన్న ఉద్దేశంతో. గంటస్తంభం తమ్ముడి ఇంటర్వ్యూకీ దీనికీ తేడా ఏముంది?

అందుకే నేను వీటిని తెలుగు ఎదురుతోనే జతపెట్టి నేర్చుకున్నాను, ట్యూషన్ పిల్లలకి కూడా అలాగే చెబుతాను. ఎదురు చెప్పడం టాక్ బ్యాక్, దాన్నే ఆన్సర్ బ్యాక్ అని కూడా అంటారు, పిల్లలు పెద్దవాళ్ళ మీద చేసేది. ఎదురు నిలబడటం స్టాండ్ అప్ టు. ఎదురు తిరగడం టర్న్ అగెనెస్ట్, ఇందులో ముందు స్నేహం ఉండి తీరాలి, మొదట్నుంచీ శత్రువైనవాడు మళ్ళీ టర్న్ అయ్యేదేముంది. నలుగురూ కలిసి తిరగబడితే రైజ్ అప్ అగెనెస్ట్.

గో అగెనెస్ట్‌కి మాత్రం ఎదురు కుదరదు, దానికి “మాట కాదని” అన్నది బాగుంటుంది. నాన్న మాట కాదని పెళ్ళి చేసుకుంది, అక్కడ ఎవరి ముఖం ముందూ ఎవరూ నిలబడక్కర్లేదు, చెప్పాపెట్టకుండా అన్నవరం వెళ్ళి తాళి కట్టించుకున్నా గో అగెనెస్టే. రూలుకి విరుద్ధంగా చేస్తే కూడా అదే. కోర్టు తీర్పు మనకి వ్యతిరేకంగా వస్తే “ఇట్ వెంట్ అగెనెస్ట్ అజ్” అంటారు, అందులో ధైర్యం ఊసే లేదు, ఖర్మ మాత్రమే ఉంది.

ఏడురోడ్ల_జంక్షన్:

అన్నవరం ఉదాహరణ చాలా స్పష్టంగా ఉంది, ఏదో అనుభవం మీద చెప్పినట్టుంది.

పొందూరు_అమ్మాయి:

మా అక్కది. ఇప్పుడు మా నాన్నకి ఆ అల్లుడే ఇష్టం, పండక్కి పంచెల చాపు దాచిపెట్టి మరీ ఇస్తారు. దారి తప్పించకండి.

చీపురుపల్లి_చిన్నోడు:

సరే అక్కా, ఎదురు సంగతి ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళూ వాడుతూనే ఉన్నా ఎప్పుడూ అలా చూడలేదు. కానీ నా మాట కొంచెం మిగిలే ఉంది. గవర్నమెంటు కాగితాల్లో ఈ స్టాండ్ అప్ టు పెద్దగా కనపడదు. అక్కడ ఆపోజే.

బొబ్బిలి_మాస్టారు:

అది నిజమే బాబూ. కాగితం మీద ఆపోజ్, ఆబ్జెక్ట్, డిసెంట్. వీధిలో, ఇంట్లో, కథలో స్టాండ్ అప్ టు. బట్టల్లా అనుకో, కచేరీకి ఒకటి, పొలానికి ఒకటి. అర్జీలో “నేను ఎమ్మార్వోగారికి ఎదురు నిలబడుతున్నాను” అని రాయవు కదా, “నా అభ్యంతరం తెలియజేసుకుంటున్నాను” అని రాస్తావు. అక్కడ “ఆబ్జెక్ట్ టు” వాడాలి, ఆపోజ్‌కి వద్దన్న టు దీనికి కావాలి, నా మీద కోప్పడకు, నేను పెట్టలేదు ఆ రూలు.

డిసెంట్ అన్నాను కాబట్టి, మీ విజయనగరం గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు యూనివర్సిటీ వారి తెలుగు కాంపోజిషన్ సబ్‌కమిటీ నివేదికతో ఏకీభవించక ఒక అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. విచిత్రం ఏమిటంటే తెలుగు వాడుకలో రాయాలని వాదిస్తూ రాసిన ఆ పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఆయన చేసిన పనికి కాగితం మాట “హి డిసెంటెడ్ ఫ్రమ్ ది రిపోర్ట్”. టు కాదు, ఫ్రమ్, అంటే దాన్నుంచి వేరుపడ్డాను అని. ఆ రోజుల్లో పండితుల బలం ఎంతో తెలిసినవాడు అదే సంగతి అరుగు మీద కూర్చుని చెబితే మాత్రం “హి స్టుడ్ అప్ టు దెమ్” అనే అంటాడు. జరిగిన పని ఒకటే. ఒకటి రికార్డు కోసం, రెండోది చెప్పేవాడి గుండెలోంచి.

అలాగే మీటింగు పెట్టి, నలుగురి ముందూ బయటపడి, ఫలానాది మాకు వద్దు అని ప్రకటిస్తే “కమ్ అవుట్ అగెనెస్ట్” అంటారు. 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం చెప్పినప్పుడు మొదట ఆ మాటే సరిపోతుంది. ఆ జూలై 14న కాల్పులదాకా వెళ్ళాక, ఎదురుగా తుపాకులున్నా కదలనివాళ్ళకి ఏ మాట వాడాలో ఇంతసేపు చెప్పుకున్నాం కదా, మళ్ళీ చెప్పక్కర్లేదు.

“ఫేస్ అప్ టు” అని ఒకటుంది, దాన్ని కూడా దీంతో కలిపేస్తారు పిల్లలు. అది ఎదిరించడం కాదు, తప్పించుకోకుండా ఒప్పుకోవడం. తీర్చలేని అప్పుంది, ఇన్నాళ్ళూ చూడనట్టు నటించాం, ఒకరోజు కూర్చుని లెక్క కట్టాం. అది ఫేస్ అప్ టు. ఎక్కువగా నిజాలకీ కష్టాలకీ వాడతారు. ఇక “స్క్వేర్ అప్ టు” అంటే కుస్తీకి దిగేముందు కాళ్ళు ఎడం చేసి చేతులు బిగించి నిలబడటం, కొట్లాట ఇంకా మొదలవలేదు. జాతరల్లో తాగినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

ఉద్దానం_జీడితోట:

మాస్టారూ, మా మేనకోడలు పక్కనే కూర్చుని ఇదంతా చదువుతోంది. “స్టాండ్ ఫర్” అడగమంటోంది. అప్ లేకుండా.

బొబ్బిలి_మాస్టారు:

ఆ తల్లికి నా ఆశీస్సులు. అప్ లేకపోతే “దేనికి గుర్తు” అని. ఎపి అంటే ఏం స్టాండ్ ఫర్ అని అడిగితే ఆంధ్రప్రదేశ్. కాదు అన్న మాట తోడైతే మాత్రం సహించను అని వస్తుంది, “ఐ వోన్ట్ స్టాండ్ ఫర్ దిస్”. మా హెడ్మాస్టరుగారు ఒకాయన ప్రేయర్లో వారానికోసారి ఈ వాక్యం అనేవారు. సగం మంది పిల్లలు, ఆయన నిలబడలేనంటున్నారు, కాళ్ళనొప్పులేమో అనుకునేవాళ్ళు.

గంటస్తంభం_కుర్రాడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. నోటుబుక్కులో ఎదురు అని హెడ్డింగు పెట్టి పొందూరు అక్క చెప్పినవన్నీ ఎక్కించుకున్నాను. పుష్ బ్యాక్ ఆన్ కూడా.

అప్‌డేట్ ఏంటంటే, నిన్న సాయంత్రం కూరగాయలకి రైతుబజారు వెళ్తే మా హెడ్మాస్టారు ఎదురుపడ్డారు (ఎదురుపడటం, ఉత్తినే కనపడటం). వంకాయలు ఏరుకుంటున్నారు. కాళ్ళకి దండం పెట్టి, ఉండబట్టలేక ఇంటర్వ్యూలో జరిగిందంతా చెప్పేశాను. ఆయన వింటూ వింటూ చేతిలో వంకాయ తిప్పి చూసుకుని, “నువ్వా? నాకా? రోజూనా?” అన్నారు. అవునండీ అలాగే చెప్పాను అన్నాను.

“ఒరే, నీకు లేచి నిలబడటమే ఎప్పుడూ రాలేదురా. నేను క్లాసులోకి వచ్చేసరికి వెనక బెంచీలో నిద్రపోతుండేవాడివి. రెండు రకాలుగానూ అబద్ధమే చెప్పొచ్చావు” అన్నారు.

కూరగాయలమ్మి నవ్వుతుంటే నేను టమాటాలు కొనడం మర్చిపోయి వచ్చేశాను. ఇంట్లో అమ్మతో ఇప్పుడు అదొక గొడవ. ఎదురు చెప్పలేదు.